మౌనిక పోస్టర్, హెడ్ గారి నమస్కారం

ఈ మధ్య మా ఇంటికి పిల్లలు వస్తున్నారు. కొందరు భాషాశాస్త్రం చదివేవాళ్లు, కొందరు కంప్యూటర్‌కి తెలుగు నేర్పే పనిలో దిగినవాళ్లు. చంపాపేట్ బజారులో పార్కింగ్ దొరక్క విసుక్కుంటూ వచ్చి, కాఫీ తాగి, చివరికి అసలు సంగతి బయటపెడతారు. "మేడమ్, మొదటి కాన్ఫరెన్సుకి వెళ్తున్నాం. ఏం చెయ్యాలి?"

గడువు తీరకముందే కాలేజీ ఉద్యోగానికి దణ్ణం పెట్టి వచ్చేశాను కాబట్టి నాకు తీరిక ఉంది. నోరు ఎప్పుడూ ఉన్నదే. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే ఓపిక మాత్రం లేదు. అందుకని ఇక్కడ రాసేస్తున్నాను. నాకు ఎప్పుడు ఏ ప్రమోషన్ వచ్చిందో, ఏ ఫైలు ఎవరి బల్ల మీద నిద్రపోయిందో చెప్పను. వాటితో మీకేం పని? కాన్ఫరెన్స్ అనే జాతర ఎలా నడుస్తుందో, అందులో మనిషికి పనికొచ్చేది ఎక్కడ దొరుకుతుందో చెబుతాను. అది కూడా ఎక్కువగా ఒక్క పోస్టర్ కథగానే.

ప్రశ్నలు అడిగేవాళ్లు

ముందు ఒక భయం తీర్చేస్తాను. మీరందరూ భయపడేది ప్రశ్నలకి. అనవసరం. కాన్ఫరెన్సుల్లో ప్రశ్నలు అడిగేవాళ్లు దాదాపు ఉండరు.

చేతులు లేస్తాయి, నిజమే. మైకు అందుకున్న మొదటాయన "ఇది ప్రశ్న కాదు, చిన్న వ్యాఖ్య" అంటారు. ఆ చిన్న వ్యాఖ్య పూర్తయ్యేసరికి బయట టీ చల్లారిపోతుంది. రెండో ఆయనకి తన పేపరు పేరు మీరు ఎత్తలేదని బాధ. మూడో ఆయన ఎవరు ఏం చెప్పినా "శాంపిల్ ఎంత తీసుకున్నారు?" అని అడుగుతారు. ఒకసారి వందన సమర్పణ చేసినావిడని కూడా అడగబోతే నేనే చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాను. ఈలోగా అధ్యక్షులవారు గడియారం చూసి "సమయాభావం వల్ల" అంటారు. అందరూ భోజనాలకి లేస్తారు.

జవాబు తనకి తెలియక, తెలుసుకోకుండా ఉండలేక అడిగేదే ప్రశ్న. అలాంటిది నాకు ఇన్నేళ్లలో చాలా అరుదుగా తగిలింది. తగిలినప్పుడల్లా అది హాల్లో కాదు, వరండాలోనే.

వేదికా, వరండానా

ఈ రంగంలో రెండు తెగలున్నాయి. మాటల వాళ్లు, మెషీన్ల వాళ్లు. మాటల వాళ్లు ఒక్క పదం మీద గంటసేపు కొట్టుకుంటారు. మెషీన్ల వాళ్లు కోటి పదాలు తెచ్చి ఒక్కటీ చదవరు. భోజనాల దగ్గర రెండు వరసలు కడతారు, పప్పు గిన్నె దగ్గర తప్ప ఎక్కడా కలవరు. నేను మాటల తెగలో పుట్టి మెషీన్ల తెగకి కోడలిగా వెళ్లినదాన్ని. కాబట్టి ఇద్దరినీ తిట్టే హక్కు నాకుంది.

మెషీన్ల వాళ్లలో ఒక మంచి పద్ధతి ఉంది. పోస్టర్. మీ పనంతా ఒక పెద్ద కాగితం మీద అచ్చేయించి వరండాలో తగిలించి పక్కన నిలబడతారు. ఇష్టమున్నవాళ్లు ఆగుతారు, లేనివాళ్లు సాగిపోతారు. ఆగినవాడు మాత్రం నిజంగా తెలుసుకోవాలనే ఆగుతాడు. వేదిక మీద పావుగంట మాట్లాడితే రాని లాభం అక్కడ ఒక్క మనిషితో వస్తుంది.

మా దగ్గర ఇది ఎవరికీ ఎక్కదు. మా దగ్గర గౌరవమంటే వేదిక, మైకు, శాలువా. మా డిపార్ట్‌మెంట్ హెడ్ గారిదీ అదే మతం. ఆయనది తెనాలి వైపు. పాఠం చక్కగా చెప్పేవారు, జీతాల దగ్గర ఎవరికీ అన్యాయం చెయ్యలేదు. ఆ మాట ముందు చెప్పాలి. కానీ వేదిక కనిపిస్తే మనిషి మారిపోయేవారు. జ్యోతి ప్రజ్వలనలో వత్తి వెలగకపోతే ఫోటో కోసం మళ్లీ మొదటినుంచి వెలిగించేవారు.

"పోస్టరంటే ఏవిటండీ వసుంధర గారూ," అన్నారు ఒకసారి నాతో, "గోడకి అంటించేదేగా? మనవేమన్నా సినిమా తీశామా?"

ఎల్బీనగర్‌లో మా కాలేజీ కాన్ఫరెన్స్ పెట్టినప్పుడు, నేను పట్టుబట్టగా పట్టుబట్టగా, పోస్టర్లకి చోటిచ్చారు. ఎక్కడ? మెట్ల పక్క వరండాలో. ఎప్పుడు? అందరూ అన్నం తినే వేళ.

మౌనిక

ఆ వరండాలో నిలబడాల్సినవాళ్లలో మౌనిక ఒకతె. నా దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న పిల్ల. వాళ్ల నాన్న యాదయ్య నల్గొండ పక్క ఊరినుంచి వచ్చి ఎల్బీనగర్‌లో ట్రాలీ ఆటో నడుపుకుంటున్నాడు. వాళ్లు కిరాయికుండే బిల్డింగ్‌లో కింద ఓనర్లు గుంటూరు వాళ్లు, పైన పోర్షన్లన్నీ నల్గొండ వాళ్లు. ఇలాంటి బిల్డింగులు మన వైపు గల్లీకి నాలుగుంటాయి, ఎవరూ పట్టించుకోరు. ఈ పిల్ల పట్టించుకుంది.

మాట విని, ఇది తెలంగాణ ఇంటి మనిషిదా, కోస్తా ఇంటి మనిషిదా చెప్పే ప్రోగ్రాం ఒకటి తయారుచేసింది. తమ బిల్డింగ్‌లో అందరి మాటలూ రికార్డు చేసి దానికి వినిపించింది. తాతలూ నాయనమ్మల దగ్గర మెషీన్ దాదాపు తడబడలేదు. అమ్మానాన్నల దగ్గర కాస్త తికమకపడింది. పిల్లల దగ్గరకి వచ్చేసరికి కళ్లు మూసుకుని చీటీ తీసినట్టే చెప్పింది. తరానికొక కడ్డీ, మెషీన్ ఎంత సరిగ్గా చెబితే అంత ఎత్తు, అలా మూడు కడ్డీల బొమ్మ గీస్తే మెట్లు దిగినట్టుంది. పోస్టర్‌లో అదే ముఖ్యం.

హెడ్ గారు బొమ్మ చూసి మొహం చిట్లించారు. "ఇదేవిటమ్మా, చివరికి వచ్చేసరికి ఫెయిలైపోయింది? ఫెయిలైందని మనవే గోడకెక్కిస్తామా, బయటివాళ్ల ముందు?"

"అది ఫెయిలైన చోటే కదండీ కబురున్నది," అన్నాను.

"మీరు ప్రతిదానికీ వాదిస్తారు."

"మీరు ప్రతిదానికీ వాదించే అవకాశం ఇస్తారు."

మౌనిక మాత్రం ఆ సాయంత్రం నా గదిలోకి వచ్చి పోస్టర్ వెనక్కి తీసుకుంటానంది.

"ఎందుకే?"

"మా నాయిన ఒస్తుండు మేడమ్ సూడనీకె. స్కాలర్‌షిప్ ఈ ఏడుతోని అయిపోతున్నది గద. మీటింగుల పెద్దోళ్లు నీ పని సూసి బాగున్నదంటే సదువుకో, లేకుంటే దిల్‌సుఖ్‌నగర్‌ల బ్యాంకు కోచింగ్‌కు పో అన్నడు. నేను స్టేజీ మీద మాట్లాడత అనుకుంటుండు. మెట్లకాడ నిలబడి కనిపిస్తే ఏమనుకుంటడు?"

ఆ తండ్రిని నేను తప్పుపట్టను. కన్న కూతురు మూడేళ్లుగా పక్కింటి పిల్లలు క్రికెట్ ఆడుతూ అరిచే అరుపులు ఫోన్లో పట్టుకుంటుంటే ఎవరికైనా అనుమానం వస్తుంది. పని విలువైనదో కాదో ఎవరో ఒకరు గట్టిగా చెప్పాలి. చెప్పగలిగిన మనిషి ఆ కాన్ఫరెన్సుకే వస్తోంది. పేరు అనఘ. పుట్టింది విశాఖపట్నంలో, బెంగళూరులో మాటలు గుర్తుపట్టే మెషీన్ల మీద ఒక బృందాన్ని నడుపుతోంది. పిల్లల మాటల మీద కొత్తగా పని మొదలుపెడుతోందని నాకు తెలుసు. పొద్దున ప్రారంభోపన్యాసం ఇచ్చి, భోజనం చేసి, విమానానికి వెళ్లిపోతుంది. అంటే ఉన్నది భోజన విరామం ఒక్కటే. ఆ విరామంలో ఆవిడకి కొత్త ల్యాబ్ చూపించాలని హెడ్ గారు ముందే నిశ్చయించారు. ఆ ల్యాబ్‌లో కంప్యూటర్లకి ఇంకా ప్లాస్టిక్ కవర్లు కూడా ఊడలేదు.

"వెనక్కి తీసుకోవడం లేదు," అన్నాను మౌనికతో. "వెళ్లి అచ్చేయించుకురా."

శ్రీను హస్తవాసి

అచ్చు అంటే దిల్‌సుఖ్‌నగర్‌లో శ్రీను ఫ్లెక్సీ షాపే. కోచింగ్ సెంటర్ల గల్లీలో ఉంటుంది. ర్యాంకులొచ్చిన పిల్లల మొహాలు, గల్లీ లీడర్ల పుట్టినరోజులు, వినాయక మండపాల స్వాగతాలు, అన్నీ అక్కడే పుడతాయి. మా కాన్ఫరెన్స్ స్వాగత ఫ్లెక్సీ కూడా అతనే వేశాడు. మౌనిక ఫైలు వాట్సాప్‌లో పంపింది. కాన్ఫరెన్స్ రోజు పొద్దున్నే చుట్ట చుట్టి ఉన్నది తీసుకుని కాలేజీకి వచ్చింది. వరండాలో విప్పాం.

విప్పుతూనే ఉన్నాం. అవడంలేదు. పోస్టర్ తలుపంత ఉండాల్సింది, షట్టరంత ఉంది.

పైనుంచి సగం దాకా మా హెడ్ గారు. రెండు చేతులూ జోడించి, చిరునవ్వుతో, వెనకాల సూర్యకిరణాలతో. పక్కన గుండ్రటి చట్రంలో నేను, పళ్లు కనిపించేలా. చుట్టూ బంతిపూల బార్డరు. వాటి కింద, బుద్ధిగా, మౌనిక మూడు కడ్డీల బొమ్మ, రాత. అట్టడుగున మూలకి, మామూలుగా ఖర్చు పెట్టుకున్న యువనాయకుడి ఫోటో ఉండే చోట, మౌనిక వాట్సాప్ ఫోటో.

శ్రీనుకి ఫోన్ చేశాను.

"ఏమిటయ్యా ఇది? ఎవరు వెయ్యమన్నారు నిన్ను ఈ మొహాలు?"

"మేడమ్, సారు ఫోటో మన దగ్గర ఉండె, స్వాగతం ఫ్లెక్సీల వాడినం గద. మీది గూడ. ఫ్రీగనే ఏసిన. పైసలు అడిగిన్నా?"

"పంపింది పంపినట్టు వెయ్యడానికి ఏం రోగం?"

"పంపిన దాంట్ల ఒక్క మనిషి లేడు మేడమ్! ఉత్త రాతలు. పెద్దోళ్ల ఫోటో లేకుండ ఫ్లెక్సీ ఏస్తే రేపు సారు ఫీలైతే? గా పోరికి మార్కులు తక్కువేస్తే? నేను మంచిగ ఆలోచించి జేసిన. జర చల్లబడుండ్రి."

మళ్లీ వేయించే వ్యవధి లేదు. ఆఫీసు నుంచి కత్తెర తెప్పించాను. నా సిద్ధాంతం ఒకటుంది, ఇప్పటికీ ఉంది. పని ముందుండాలి, మొహం వెనకుండాలి. ఈ వ్యాపారం అంతా ఆ నియమం మీదే నడవాలి. హెడ్ గారి నడుము దగ్గర కత్తెర పెట్టాను.

"ఆగుండ్రి మేడమ్," అంది మౌనిక. "కట్ జేస్తే హెడ్డింగ్ గూడ పోతది."

నిజమే. శ్రీను పోస్టర్ పేరుని తీసుకెళ్లి హెడ్ గారి జోడించిన చేతుల మీద, బంగారు రంగు అక్షరాల్లో వేశాడు.

"ఉండనీయుండ్రి," అంది ఆ పిల్ల. నిన్న వెనక్కి తీసుకుంటానన్న పిల్లేనా అని చూశాను. నవ్వుతోంది. "మా నాయినకు ఇదైతె అర్థమైతది. నాలుగు ఫ్లెక్సీల నడుమ మాది గూడ ఒక ఫ్లెక్సీ."

బోర్డుకి పట్టలేదు. వరండా స్తంభాలకి రెండు వైపులా తాళ్లు కట్టి వేలాడదీశాం. పక్కన నీటుగా తెల్లకాగితాల పోస్టర్లు వేసుకున్న మిగతా పిల్లలు మా వైపు పెళ్లిపందిరిని చూసినట్టు చూశారు.

భోజన విరామం

ప్లేటు ఇంకా చేతిలోనే ఉన్న అనఘని తీసుకుని హెడ్ గారు మెట్లు దిగి వచ్చారు. ల్యాబ్‌కి ఆ వరండాలోంచే వెళ్లాలి. నేను తిట్లు తినడానికి సిద్ధంగా నిలబడ్డాను. జవాబులు కూడా సిద్ధం చేసుకున్నాను, అది నా అలవాటు. మౌనిక ఫ్లెక్సీకి ఒక పక్క, యాదయ్య కాస్త దూరంగా గోడవార, చేతిలో ఆటో తాళాలతో.

హెడ్ గారు నడుస్తూ నడుస్తూ తలెత్తారు. ఆగిపోయారు. కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు.

"ఎవరు వేయించారిది?"

"మౌనిక సర్," అన్నాను. "షాపువాడు..."

ఆయన నా మాట వినడంలేదు. "పాత ఫోటో," అన్నారు మెల్లగా. "జుట్టున్నప్పటిది." తర్వాత అనఘ వైపు తిరిగారు. గొంతు మారింది, వేదిక గొంతు వచ్చేసింది. "చూడండి మేడమ్, ఇది మా డిపార్ట్‌మెంట్‌లో జరుగుతున్న చాలా ముఖ్యమైన పని!"

ఆ పని ఏమిటో ఆయనకి తెలియదు. తన నమస్కారం కింద ఉన్నది చదువుకుంటూ చెప్పడం మొదలుపెట్టారు. ఆయన గొంతుకి భోజనాల వరసలోంచి మనుషులు ప్లేట్లు పట్టుకుని వచ్చేశారు. మాటల వాళ్లు, మెషీన్ల వాళ్లు అంతా కలిసి. పప్పు గిన్నె లేకుండా రెండు తెగలూ ఒకచోట చేరడం నేను చూసిన మొదటిసారి అదే.

మూడో కడ్డీ దగ్గర హెడ్ గారు దగ్గారు. "ఇక్కడ చిన్న ఇబ్బంది వచ్చిందండీ. పిల్లలు కదా, మైకు దగ్గర కుదురుగా నిలబడరు. అందుకని..."

"కాదు సార్," అంది మౌనిక.

అందరూ నా వైపు చూశారు. మా కాలేజీలో "కాదు సార్" అనేది నా ఒక్కదాని మాట అని అందరికీ తెలుసు.

అనఘ ప్లేటు పక్కన పెట్టింది. "మరెందుకమ్మా? పిల్లల దగ్గరే మెషీన్ ఎందుకు ఓడిపోయింది?"

ఇదిగో, పిల్లలూ, ప్రశ్న అంటే ఇది. ఆవిడకి జవాబు తెలియదు, కావాలి.

"ఓడిపోలే మేడమ్. ఓనరోళ్ల పిల్లలు గుంటూరోళ్లు, మేము నల్గొండోళ్లం. పొద్దుమూకేదాక ఒకటే గల్లీల ఆడుతరు. ఔటా కాదా అని కొట్లాడేటప్పుడు ఎవరి మాట ఎవలదో వాళ్లకే తెల్వదు. ఇంట్లకు పోయినంక అమ్మతోని ఒక తీరు, బయట ఒక తీరు. ఈ పిల్లలు అటోళ్లు గాదు, ఇటోళ్లు గాదు, ఎల్బీనగరోళ్లు. మెషీన్‌కు నేను రెండే డబ్బాలిచ్చిన. మూడో డబ్బ ఉంటదని దానికి నేనే చెప్పలే."

"ఈ రికార్డింగులు నీ దగ్గరున్నాయా? ఇల్లు వేరు, ఆట వేరు చేసి?"

"ఉన్నయి మేడమ్. మా బిల్డింగ్ ఒక్కటే గాదు, పక్క గల్లీవి గూడ."

అనఘ హెడ్ గారి వైపు తిరిగి, "ల్యాబ్ ఇంకోసారి వచ్చినప్పుడు చూస్తానండీ," అంది. మిగిలిన విరామమంతా అక్కడే మెట్ల మీద మౌనిక పక్కన కూర్చుని, చెరొక ఇయర్‌ఫోన్ చెవిలో పెట్టుకుని, గల్లీ క్రికెట్ గొడవలు విన్నది. లేచేటప్పుడు తమ బృందంతో పనిచెయ్యమని అడిగింది.

యాదయ్య మెల్లగా నా దగ్గరికొచ్చాడు. "మేడమ్, గీ మేడమ్ ఏమంటున్నది? బాగున్నదనా, బాలేదనా?"

"బాగుందని అంటోంది. కావాలంటోంది."

ఆయన ఆడపిల్ల చదువు గురించి వరండాలో తేల్చేసే మనిషి కాదు. ఫ్లెక్సీని కింద నుంచి పైదాకా చూశాడు. "ఇంటికాడ ఆలోచిస్తం," అన్నాడు. తల నా వైపు తిప్పి, "మీటింగ్ అయినంక దీన్ని పడేస్తరా మేడమ్? పడేస్తే నాకియ్యుండ్రి," అని అడిగి, సాయంత్రం తాళ్లు విప్పించుకుని, చక్కగా మడిచి పట్టుకుపోయాడు.

హెడ్ గారు ఆ తర్వాత ప్రతి కాన్ఫరెన్సుకీ పోస్టర్లకి హాలు పక్క గదే ఇచ్చారు. పోస్టర్ల విలువ ఆయనకి అర్థమైందా, సూర్యకిరణాలు నచ్చాయా అని నన్ను అడగకండి. గది వచ్చింది. సిద్ధాంతాలు పట్టుకు కూర్చోకుండా వచ్చిన గది తీసుకోవడం కూడా ఈ వృత్తిలో నేర్చుకోవాల్సిందే. మొహాల విషయంలో నా మాట మాత్రం మార్చుకోలేదు. శ్రీనుతో ఇప్పటికీ వాదిస్తున్నాను.

సిగ్నల్ దగ్గర

మొన్న వానాకాలంలో చంపాపేట్ రోడ్డు మీద సిగ్నల్ దగ్గర ఆగాను. తలెత్తితే కారు ముందు హెడ్ గారు నమస్కారం పెడుతున్నారు.

ట్రాలీ ఆటోలో ఉల్లిగడ్డ బస్తాలు, వాటి మీద వాన పడకుండా కప్పి తాళ్లతో బిగించిన ఫ్లెక్సీ. బంతిపూలు వెలిశాయి. హెడ్ గారి నవ్వు వెలవలేదు. వెనక వైపు వేలాడుతున్న భాగంలో మూడు కడ్డీలు, మెట్లు దిగినట్టు, శుభ్రంగా కనిపిస్తున్నాయి.

అద్దం దించి కేకేశాను. "యాదయ్యా! మౌనిక ఏదీ?"

తల బయటపెట్టి చూశాడు. "నమస్తే మేడమ్! ఇంటికాడ లేదు, పెద్ద అంబర్‌పేట్ పోయింది, పిల్లల మాటలు రికార్డు జేస్తందుకు. బెంగళూరు మేడమ్ పని."

"మరి బ్యాంకు కోచింగ్?"

"దానికెక్కడిది మేడమ్ తీరిక?" అన్నాడు, నేనేదో తెలివితక్కువ మాట అన్నట్టు.

ఈలోపు మా ఇద్దరి మధ్య బండి మీద రెయిన్‌కోటు వేసుకుని ఆగి ఉన్నాయన ఫ్లెక్సీని ఎగాదిగా చూస్తున్నాడు. "ఎవలన్నా గీ సారు? ఏ పార్టీ?"

"పార్టీ గాదు," అన్నాడు యాదయ్య. "పైన ఆయన్ని ఇడిసిపెట్టు. కింద గా మూలకున్నది సూడు, మా బిడ్డ. ఆ గీతలు మా బిడ్డ గీసినయి. సదువు, సిగ్నల్ పడేదాక టైమున్నది."

ఆయన నిజంగానే చదవడం మొదలుపెట్టాడు. వంగి, వాన నీళ్లు చేత్తో తుడిచి, మొదటి కడ్డీ, రెండో కడ్డీ. మూడోదాని దగ్గర వేలు ఆగింది.

"అన్నా, ముసలోళ్ల కాడ మంచిగనే ఉన్నది గద. పిల్లలకాడికి ఒచ్చెటాలకు ఎందుకు గింత పడ్డది?"

పచ్చలైటు పడింది. వెనక హారన్లు మొదలయ్యాయి.

"బండి పక్కకు ఆపు," అన్నాడు యాదయ్య. ఉల్లిగడ్డల ట్రాలీని రోడ్డు వారకి తిప్పుతూ, "చెప్త."